వీనస్ ఇన్ ఫర్స్ (1969): నవల చదివి సినిమా చూశాను, ఆ చివరి మాట ఎక్కడ పోయింది?

అబిడ్స్_ఆదివారం
ఈ గోడు ఎవరితో చెప్పుకోవాలో తెలియక ఇక్కడ పెడుతున్నాను. పోయిన ఏడాది ఒక ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల కుప్పలో 60 రూపాయలకి ఒక ఇంగ్లీషు అనువాదం దొరికింది. లియోపోల్డ్ ఫాన్ జాకర్ మాసోక్ అనే ఆస్ట్రియా రచయిత 1870లో జర్మన్‌లో రాసిన ‘వీనస్ ఇన్ ఫర్స్’. మాసోకిజం, అంటే నొప్పిలో, అవమానంలో సుఖం వెతుక్కోవడం, అనే మాట ఈయన ఇంటిపేరు నుంచే పుట్టిందని ఎక్కడో విన్నాను. చాటుగా చదవాల్సిన పుస్తకమేమో అనుకుని కాగితం చుట్టించుకుని మరీ ఇంటికి తెచ్చాను.

చదివితే అందులో పచ్చి బూతు ఒక్క వాక్యం లేదు. సెవెరిన్ అని ఒక కుర్ర జమీందారు. కార్పాతియన్ కొండల్లో గాలి మార్పు కోసం వెళ్లిన చోట వాండా అనే యువ వితంతువు మీద మనసు పడతాడు. నన్ను పెళ్లి చేసుకో, లేదా నీ బానిసగా ఉంచుకో అంటాడు. ఇద్దరూ కాగితం మీద ఒప్పందం రాసుకుంటారు. అతని పేరు గ్రెగర్ అని మారుతుంది, ఆమె వెంట నౌకరుగా ఫ్లోరెన్స్ వెళ్తాడు. ఆమె మొదటి తరగతి పెట్టెలో, అతను మూడో తరగతిలో. చివరికి ఆమె ఒక గ్రీకు యువకుణ్ణి ఇష్టపడి, వాడి చేతే ఇతన్ని కొట్టిస్తుంది. ఆ దెబ్బకి ఇతని మత్తు వదులుతుంది.

నన్ను పట్టుకున్నది ఆఖరి పేజీ. అన్నీ అయిపోయాక సెవెరిన్ అంటాడు: ఇప్పుడున్న పద్ధతిలో స్త్రీ మగవాడికి బానిసైనా అవుతుంది, నియంతైనా అవుతుంది, తోడు మాత్రం కాలేదు. హక్కుల్లో, చదువులో, పనిలో అతనితో సమానమైన రోజునే తోడు కాగలదు. 1870లో ఈ మాట!

సరే, సినిమా ఉందని తెలిసి వెతికి చూశాను. 1969, అదే పేరు. ఇస్తాంబుల్ సముద్రపు ఒడ్డున ఒక ట్రంపెట్ వాయించేవాడికి ఒకమ్మాయి శవం దొరుకుతుంది. తర్వాత రియోలో కార్నివాల్. చచ్చిపోయిన అమ్మాయి బొచ్చుకోటు వేసుకుని తిరిగొస్తుంది. నవల ఇప్పుడు మొదలవుతుంది, ఇప్పుడు మొదలవుతుంది అని గంటన్నర కూర్చున్నాను. సినిమా అయిపోయింది. ఒప్పందం లేదు, సెవెరిన్ లేడు, ఆ చివరి మాట అసలే లేదు. ఇంత అన్యాయం ఎలా చేస్తారు?

రెండో_బెల్లు
మీరు వేరే సినిమా చూశారండీ. ఆ ఏడాదే అదే పేరుతో రెండు వచ్చాయి.

కాఫీ_డికాషన్
నాకూ ఇదే జరిగింది. నేనైతే మూడోది కూడా చూసేశాను, 1967 నాటి అమెరికా నలుపు తెలుపు సినిమా. అదీ కాదు!

రెండో_బెల్లు
కొంచెం వివరంగా చెప్తాను, చాలామంది ఇక్కడే పొరబడతారు.

అబిడ్స్ గారు చూసింది హెసూస్ ఫ్రాంకో తీసిన సినిమా. స్పెయిన్ దర్శకుడు, పోస్టర్ల మీద జెస్ ఫ్రాంకో అని ఉంటుంది. నిర్మాత హ్యారీ అలన్ టవర్స్ అనే ఇంగ్లీషాయన. ఈయన పద్ధతి ఏమిటంటే, నాలుగు దేశాల నుంచి తలా కొంత డబ్బు పోగేసి, ఒకరిద్దరు తెలిసిన నటులని కొద్ది రోజులకి పిలిపించి, పీటర్ వెల్‌బెక్ అనే మారుపేరుతో తనే స్క్రిప్టు రాసేవాడు. ఈ సినిమాలో జేమ్స్ డారెన్, క్లాస్ కిన్‌స్కీ, డెన్నిస్ ప్రైస్, గాయని బార్బరా మెక్‌నెయిర్ ఉన్నారు. శవమై తేలి తిరిగొచ్చే వాండాగా వేసిన మరియా రోమ్ టవర్స్ భార్యే.

కథకీ నవలకీ సంబంధం ఎందుకు లేదంటే, ఫ్రాంకో మొదట అనుకున్నది ఆ నవలే కాదు. జాజ్ వాయించే ఒకడి పీడకల లాంటి కథ ఆయనది. అమెరికా జాజ్ ట్రంపెట్ కళాకారుడు చెట్ బేకర్‌తో జరిగిన ఒక సంభాషణ నుంచి ఆ ఆలోచన వచ్చిందని తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పాడు. తను అనుకున్నది నల్లజాతి ట్రంపెట్ కళాకారుడూ తెల్ల అమ్మాయీ అని, అమెరికా పంపిణీదారులు ఒప్పుకోక తారుమారు చేయించారనీ అన్నాడు. వీనస్ అన్న పేరు అమ్మకం కోసం తగిలించిందే. ఇటలీలో ఇదే సినిమా ‘పరోక్సిస్మస్’ పేరుతో ఆడింది.

నవలని నిజంగా ముట్టుకున్నది రెండోది, మాసిమో దల్లమానో తీసిన ఇటలీ, పశ్చిమ జర్మనీ ఉమ్మడి సినిమా. వాండాగా లారా ఆంటొనెల్లి, సెవెరిన్‌గా రెజిస్ వాలీ. మీ ఫిర్యాదు దాని మీద పెట్టండి, వాదించుకుందాం.

అబిడ్స్_ఆదివారం
చాలా థాంక్సండీ. ఇంత కథ ఉందనుకోలేదు. అది దొరకగానే చూసి వస్తాను. కానీ ఒక ప్రశ్న. సంబంధం లేని కథకి 100 ఏళ్ల నాటి నవల పేరు తగిలిస్తే లాభం ఏమిటి? అప్పటి జనానికి మాసోక్ అంత బాగా తెలుసా?

నల్లకోటు
నేను వకీలుని కాబట్టి ఆ వైపు నుంచి చెప్తాను. లాభాలు చాలా ఉన్నాయి.

రచయిత 1895లో చనిపోయాడు, కాపీరైట్ తీరిపోయింది. ఎవరికీ పైసా ఇవ్వక్కర్లేదు. ఇక పేరు ముందే అపఖ్యాతి పడి ఉంది, పోస్టర్ ఖర్చు తగ్గుతుంది. అన్నిటికన్నా పెద్దది మూడోది: సెన్సార్ వాళ్లో పోలీసులో వస్తే ‘ఇది సాహిత్యం బాబూ’ అనొచ్చు.

ఆ మాటకి అప్పుడప్పుడే బలం వస్తోంది. 1960లో లండన్‌లో లేడీ ఛాటర్లీ నవల మీద అశ్లీలమని కేసు నడిచి ప్రచురణకర్తలు గెలిచారు. 1966లో అమెరికా సుప్రీంకోర్టు 18వ శతాబ్దపు ఫ్యానీ హిల్ నవల అశ్లీలం కాదంది. డెన్మార్క్ 1967లో అశ్లీల పుస్తకాల మీద, 1969లో అశ్లీల చిత్రాల మీద నిషేధం ఎత్తేసింది. అమెరికా సినిమాలకి 1968లో రేటింగ్ పద్ధతి వచ్చింది. అంటే తలుపు కొంచెం తెరుచుకోగానే నిర్మాతలందరూ ఒకేసారి పాత బీరువాలోంచి అపఖ్యాతి పుస్తకాలు దులిపి పట్టుకొచ్చారు. 1969లోనే ఒకే పేరుతో రెండు రావడం కాకతాళీయం కాదని నా నమ్మకం.

మన దగ్గర గాలి వేరే. అదే లేడీ ఛాటర్లీ నవల అమ్మినందుకు బొంబాయి పుస్తకాల వ్యాపారికి పడిన శిక్షని 1964లో మన సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఏది అశ్లీలమో తేల్చే 1868 నాటి ఒక ఇంగ్లీషు కోర్టు కొలబద్ద పెట్టి కొలిచారు. దాన్ని పక్కన పెట్టడానికి 2014 దాకా పట్టింది.

గోదారి_గట్టు
అందరూ బాగానే చెప్తున్నారు గాని, నాకు ఒళ్లు మండుతోంది. ఒళ్లు చూపించి సొమ్ము చేసుకునే ఎక్స్‌ప్లాయిటేషన్ సినిమాని ఎక్స్‌ప్లాయిటేషన్ అనకుండా ఈ పట్టుబట్టలు ఎందుకు కట్టబెట్టడం? మా ఊళ్లో ఒక టాకీసులో ఉదయం ఆటకి ఇలాంటివే వేసేవాళ్లు. పోస్టర్ మీద సగం నల్ల కాగితం అంటించి ఉండేది. మా అక్క కాలేజీకి వెళ్లే దారి అదే. ఆ పోస్టర్ దాటి వెళ్లేటప్పుడు తల వంచుకుని, పుస్తకాలు గుండెలకి హత్తుకుని గబగబా నడిచేది. హాలు ముందు నిలబడిన మగాళ్లు ఈలలు వేసేవాళ్లు. ఆ సినిమా ఏ గొప్ప నవల నుంచి వచ్చిందో మా అక్కకి ఎందుకు? లోపల ఏ కెమెరామన్ ఏ లైటు పెట్టాడో ఎందుకు?

కాఫీ_డికాషన్
గోదారి అన్న చెప్పింది ముమ్మాటికీ నిజం. మా పేటలో అయితే ఆడపిల్లలు రెండు వీధులు చుట్టుతిరిగి వెళ్లేవాళ్లు.

పాత_రీలు
గట్టు గారి కోపం న్యాయమైనదే. నేను లోపలి మాట చెప్తాను. మా నాన్న ప్రొజెక్టర్ ఆపరేటర్. చిన్నప్పుడు క్యాబిన్‌లోనే నా సెలవులన్నీ గడిచాయి. ఉదయం ఆట సినిమాకి వేరే డబ్బాలో ‘బిట్లు’ వచ్చేవి. అంటే బూతు రీలు ముక్కలు, వాటికీ ఆ సినిమాకీ సంబంధం ఉండదు. నాన్న వాటిని కలపనని ఒకసారి భీష్మించుకున్నాడు, ఆ నెల జీతం ఆగింది. ఏ హాలో చెప్పను, ఇప్పుడు అది కల్యాణ మండపం.

ఇది మన దగ్గర మాత్రమే జరిగిన మోసం అనుకునేవాణ్ణి. తర్వాత చదివితే తెలిసింది, యూరప్‌లో దీన్ని పరిశ్రమలాగే నడిపారు. ఒకే సీను రెండుసార్లు తీసేవారు. నియంత జనరల్ ఫ్రాంకో (మన దర్శకుడు కాదు) పాలనలో ఉన్న స్పెయిన్‌కి బట్టలతో, బయటి దేశాలకి బట్టలు లేకుండా. ఒక్కో దేశానికి ఒక్కో పేరు, ఒక్కో నిడివి. ఇటలీలో మాటలు ఎలాగూ తర్వాత డబ్బింగ్‌లో పెట్టేవాళ్లు కాబట్టి కథ కూడా మార్చేయొచ్చు.

దల్లమానో సినిమా సంగతే చూడండి. తీసింది 1969లో. ఇటలీలో సెన్సార్ చిక్కుల్లో పడింది. 1973లో ఇదే లారా ఆంటొనెల్లి ‘మలీజియా’ అనే వేరే సినిమాతో పెద్ద తార అయిపోయింది. అప్పుడు ఈ పాత సినిమాని బయటికి తీసి, కత్తిరింపులు, అతుకులు వేసి, 1975లో ‘లె మలీజియె దీ వెనెరె’ అని పేరు పెట్టి వదిలారు. కొత్త హిట్టు పేరుకి దగ్గరగా ఉండేలా! మాసోక్ పేరు పక్కకి పోయి తార పేరు ముందుకొచ్చింది. ఇంగ్లీషులో ‘డెవిల్ ఇన్ ది ఫ్లెష్’ అని కూడా అమ్మారు. అబిడ్స్ గారు చూడబోయే ప్రింటు ఏదో ముందు చూసుకోండి.

రెండో_బెల్లు
పాత రీలు గారూ, మీ నాన్నగారికి నమస్కారం చెప్పండి.

పాత_రీలు
పోయి 9 ఏళ్లయిందండీ. రీళ్లు అతికించే ఆయన స్ప్లైసర్ నా దగ్గరే ఉంది.

అబిడ్స్_ఆదివారం
నాలుగు రోజులైంది. చూసి వచ్చాను. రాత్రి సగం, పొద్దున సగం.

ముందు ఒప్పుకోవాల్సింది ఒప్పుకుంటాను. ఇది నవలే. సెవెరిన్ ఉన్నాడు, వాండా ఉంది, ఒప్పందం ఉంది, నౌకరు వేషం ఉంది. కానీ కాలం 1960లకి మార్చారు. మూడో తరగతి రైలు పెట్టె పోయి కారు వచ్చింది, సెవెరిన్ డ్రైవరు అయ్యాడు. ఇది నాకు నచ్చింది కూడా. ముందు సీట్లో మొగుడు, వెనక సీట్లో భార్య, మధ్యలో అద్దం. నవల్లో పేజీలకి పేజీలు రాసింది ఇక్కడ ఒక అద్దంలో చెప్పేశాడు.

కానీ పోయింది ఏమిటంటే మాట. నవలంతా మాటలే. వాండా వాదిస్తుంది, నవ్వుతుంది, ‘నువ్వు నన్ను ఇలా తయారు చేస్తున్నావు, రేపు నేను నిజంగా ఇలాగే అయిపోతే?’ అన్నట్టు భయపడుతుంది. ఆ భయమే కథ. సినిమాలో వాండాకి అలాంటి సందేహం ఎక్కడో ఒక చూపులో తప్ప లేదు. ఆమె మొదటి నుంచీ అలాంటిదే అన్నట్టు తీశారు. గ్రీకు యువకుడి స్థానంలో బ్రూనో అనే మోటువాడిని పెట్టారు. ముగింపులో సమానత్వం మాట మచ్చుకైనా లేదు. గాయం మళ్లీ మొదటికి వచ్చినట్టు ముగించారు.

నా బాధ ఇది. బొచ్చుకోటు ఉంచారు, కొరడా ఉంచారు, ఆ రెండిటినీ రచయిత ఎందుకు పెట్టాడో ఆ వాక్యం తీసేశారు. గట్టు గారు అన్న మాటకే వచ్చాను.

రెండో_బెల్లు
ఒప్పుకోను. దల్లమానో ఎవరనుకున్నారు? ఇటలీ దర్శకుడు సెర్జియో లియోనె కౌబాయ్ సినిమాలు ‘ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్’, ‘ఫర్ ఎ ఫ్యూ డాలర్స్ మోర్’ రెండిటికీ కెమెరామన్ ఆయనే. మనిషి ముఖాన్ని తెర నిండా పెట్టి, మాట లేకుండా ఎంతసేపు నిలపొచ్చో తెలిసినవాడు. మీరు మాట పోయింది అంటున్నారు, ఆయన మాటని కళ్లలోకి మార్చాడు. మీరే చెప్పిన ఆ కారు అద్దం అలాంటిదే కదా! ఆంటొనెల్లి ముఖంలో విసుగు మెల్లగా ఎక్కడం మొదలయ్యే చోటు ఇంకోసారి చూడండి. సందేహం అక్కడుంది. మొగుడు అడిగిన ఆట ఆడీ ఆడీ అలిసిపోయిన ఆడదాని విసుగు అది.

కాలం మార్చడం ఆయన అలవాటు. మరుసటి ఏడాదే ఆస్కార్ వైల్డ్ డోరియన్ గ్రే నవలని హెల్ముట్ బెర్గర్‌తో అప్పటి లండన్‌లో పెట్టి తీశాడు. దానికీ నిర్మాతల్లో టవర్స్ ఉన్నాడు. బజారు సరుకు అడిగిన వాళ్లకి బజారు సరుకు ఇస్తూనే తనకి కావలసింది మధ్యలో దాచుకున్న మనిషి. 1976లో కారు ప్రమాదంలో పోయాడు.

ట్రంపెట్_బాబు
మీరంతా దల్లమానో మీద కొట్టుకోండి గాని, నా ఓటు ఫ్రాంకో సినిమాకే. నవలతో సంబంధం లేకపోతేనేం? ఆ సినిమా లోపల సంగీతం ఉంది. మాన్‌ఫ్రెడ్ మాన్ పాటలు వినండి. ఫ్రాంకో స్వయంగా జాజ్ వాయించేవాడు, ఒకే రాగం తిరిగి తిరిగి వచ్చినట్టు సీన్లు తిరిగి వస్తాయి. అమెరికా దర్శకుడు ఆర్సన్ వెల్స్ ‘చైమ్స్ ఎట్ మిడ్‌నైట్’కి రెండో యూనిట్ దర్శకుడిగా పనిచేసిన వాడు. 150కి పైగా సినిమాలు తీశాడు, అందులో చాలా వాటిని నేను సమర్థించను. దీన్ని సమర్థిస్తాను. స్పెయిన్ వాళ్లు 2009లో గౌరవ గోయా అవార్డు ఊరికే ఇవ్వలేదు.

కాఫీ_డికాషన్
నవల పేరు పెట్టిన సినిమాలో నవల లేదు, నవల ఉన్న సినిమాకి నవల పేరు తీసేశారు. రెండిటి డబ్బాలు మారిపోయాయి అనుకుందాం బాబాయ్.

వెన్నెల_రాత
రోజూ చదువుతున్నాను, ఇప్పటిదాకా రాయలేదు. అందరూ సెవెరిన్ గురించీ, దర్శకుడి గురించీ మాట్లాడుతున్నారు. వాండా గురించి నేను మాట్లాడతాను. ఇద్దరు వాండాలు.

ముందు తెర మీది వాండా. లారా ఆంటొనెల్లి 1941లో పోలాలో పుట్టింది. అప్పుడది ఇటలీ, ఇప్పుడు క్రొయేషియాలో పులా. యుద్ధం తర్వాత కాందిశీకులుగా వచ్చిన కుటుంబం. ఆమె వ్యాయామ టీచరుగా పనిచేసింది. ‘మలీజియా’కి ఇటలీ విమర్శకుల వెండి రిబ్బన్ అవార్డు, 1976లో ఇటలీ దర్శకుడు విస్కోంతి ఆఖరి సినిమాలో ముఖ్య పాత్ర. అంత నటి. కానీ పత్రికలు ఎప్పుడూ ఒంటి గురించే రాశాయి. 1991లో మాదకద్రవ్యాల కేసు, ఏళ్ల తరబడి కోర్టులు, చివరికి ఆ శిక్ష రద్దయింది. 2015లో లాదిస్పోలిలో ఒంటరిగా పోయింది. రెండో బెల్లు గారు చెప్పిన ఆ విసుగు ముఖం చూసినప్పుడు నాకు ఇవన్నీ గుర్తొచ్చి గొంతు పట్టేసింది.

రెండో వాండా నిజం మనిషి. మాసోక్ నవల రాయకముందే 1869లో ఫ్యానీ పిస్టర్ అనే ఆమెతో 6 నెలలకి నిజంగానే ఒప్పందం రాసుకున్నాడు, గ్రెగర్ అనే పేరుతో నౌకరుగా ఆమె వెంట ఇటలీ వెళ్లాడు. అందులో ఒక షరతు చూడండి: రోజుకి 6 గంటలు అతను రాసుకోవడానికి వదలాలి, అతని ఉత్తరాలు ఆమె చూడకూడదు. బానిస పెట్టిన షరతులు ఇవి!

తర్వాత గ్రాట్జ్‌లో అరోరా రూమెలిన్ అనే పేదింటి అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. ఆమె నవల్లోని వాండా పేరే పెట్టుకుంది. ఆయన పోయాక 1906లో ఆమె తన ఆత్మకథ అచ్చు వేసింది. ఇంట్లో డబ్బులేదు, పిల్లలున్నారు, అప్పులవాళ్లున్నారు. మొగుడు మాత్రం బొచ్చుకోటు వేసుకో, కొరడా పట్టుకో, ఎవరైనా పరాయి మగాణ్ణి చూసుకో అని వెంటపడేవాడు. ఆమెకి ఇష్టం లేదు. ఇష్టం లేని రాజ్యం నెత్తిన పెట్టి, పైగా తను బానిసనంటాడు.

కాబట్టి అబిడ్స్ గారూ, ఆ చివరి వాక్యం నాకూ ఇష్టమే. కానీ రాసిన మనిషే తన ఇంట్లో దాన్ని పాటించలేదు. సినిమా వాళ్లు తీసేయడానికి ముందే ఆయన తీసేశాడు.

అబిడ్స్_ఆదివారం
ఇది చదివాక కాసేపు ఏమీ రాయలేకపోయాను. ఆ ఆత్మకథ సంగతి నాకు తెలియదు.

గోదారి_గట్టు
వెన్నెల గారూ, నా పోస్టులో మా అక్క గురించి రాశాను గాని, తెర మీద ఉన్నామె గురించి ఒక్కసారి కూడా అనుకోలేదు. ఆమెకీ ఒక దారి ఉండేది, ఆమె మీదా ఈలలు వేశారు. మా అక్కకి ఫోన్ చేసి ఇదంతా చదివి వినిపించాను. సినిమా చూడదట, ఆ ఆత్మకథ దొరికితే పంపమంది.

మైన్_తీరం
ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి రాస్తున్నాను. మాసోక్ ఆఖరి రోజులు గడిపిన లింథైమ్ అనే ఊరు మాకు దగ్గరే. పుట్టింది మాత్రం 1836లో లెంబెర్గ్‌లో, అంటే ఇప్పటి ఉక్రెయిన్‌లోని లవీవ్. తండ్రి అక్కడ పోలీసు అధికారి. యుద్ధానికి ముందు లవీవ్ వెళ్లాను, 2008లో పెట్టిన ఆయన కంచు విగ్రహం ఉంది, టూరిస్టులు దాని కోటు జేబులో చెయ్యి పెట్టి ఫోటోలు దిగుతుంటారు. మాసోకిజం అన్న మాట క్రాఫ్ట్ ఎబింగ్ అనే మానసిక వైద్యుడు 1890లో వాడేనాటికి ఈయన బతికే ఉన్నాడు, చాలా నొచ్చుకున్నాడు. లవీవ్ చుట్టుపక్కల గలీషియా ప్రాంతపు యూదుల గురించీ, రైతుల గురించీ ఎన్నో కథలు రాసిన మనిషి ఒక జబ్బు పేరుగా మిగిలాడు.

ఇంకో మాట, బొచ్చుకోటు గురించి. నవల మొదట్లోనే ఒక కల వస్తుంది. గ్రీసు దేశపు ఎండలో పుట్టిన దేవత వీనస్ ఉత్తరాది చలికి వచ్చి, వణుకుతూ తుమ్ముతూ కూర్చుంటుంది. అందుకని బొచ్చుకోటు కప్పుకుంటుంది. ప్రేమని పాపంగా చూసే చల్లటి దేశంలో ప్రేమ దేవతకి జలుబు చేసిందన్నమాట! ఇది పట్టుకుంటేనే ఆ కోటుకి అర్థం. ఫ్రాంకో ఆమెని రియో ఎండలో తిప్పాడు. అక్కడ కోటు ఎందుకు?

ట్రంపెట్_బాబు
చచ్చినవాళ్లకి ఎక్కడైనా చలే కదండీ.

మైన్_తీరం
అబ్బ! ఇది బాగుంది, ఒప్పుకున్నాను.

చీరాల_నేత
అసలు తెలుగులో ఈ నవల పేరు ఎలా పెడతారు? ‘బొచ్చులో వీనస్’ అంటే మా అమ్మ పుస్తకం పొయ్యిలో పెడుతుంది.

కాఫీ_డికాషన్
ఉన్నికోటు వీనస్?

చీరాల_నేత
ఉన్ని అంటే గొర్రెది. వాండాకి మఫ్లర్ కట్టినట్టు ఉంటుంది.

రెండో_బెల్లు
‘చలికోటు దేవత’ అనొచ్చు. మైన్ తీరం గారు చెప్పిన జలుబు సంగతి కూడా కలిసొస్తుంది.

మైన్_తీరం
పేరు కన్నా కష్టమైనది ఇంకోటుంది. సెవెరిన్ తనని తాను ‘యూబర్‌జిన్‌లిక్’ అనుకుంటాడు. గోథే ఫౌస్ట్ నాటకంలో మెఫిస్టో అనే సైతాను ఎగతాళి చేసే మాట అది. ఇంద్రియాలకి అతీతమైనవాడు అని ఒక అర్థం, ఇంద్రియాల్లో మితిమీరి మునిగినవాడు అని ఇంకో అర్థం. తెలుగులో రెండూ ఒకే మాటలో వస్తాయా?

వెన్నెల_రాత
‘అతీంద్రియుడు’ అంటే వస్తుందేమో చూడండి. అతి, ఇంద్రియం. అతీతమనీ అనుకోవచ్చు, అతిగా అనీ అనుకోవచ్చు. అతివృష్టిలో ఉన్న అతి అది.

మైన్_తీరం
ఇంగ్లీషు అనువాదాలు చాలా వాటికి దొరకనిది మీకు దొరికింది!

నల్లకోటు
దారి తప్పుతున్నానేమో గాని ఒక్క మాట. అపఖ్యాతి పుస్తకాల లెక్కలో మనకీ తంజావూరు ఆస్థాన కవయిత్రి ముద్దుపళని ‘రాధికాసాంత్వనము’ ఉంది. 1910లో బెంగళూరు నాగరత్నమ్మ దాన్ని పూర్తిగా అచ్చు వేయిస్తే తెల్లదొరలు నిషేధించారు, ప్రకాశం పంతులు హయాంలో 1947లో గాని నిషేధం తొలగలేదు. అక్కడ రాసింది ఆడది, నిలబెట్టింది ఆడది. ఇది వేరే చర్చగా పెడదాం.

చీరాల_నేత
తప్పకుండా పెట్టండి. దాని మీద నాకు బోలెడు ఉంది.

అబిడ్స్_ఆదివారం
అసలు సంగతి ఇప్పుడు చెప్తాను. నేను ఈ నవలని ఇంగ్లీషు నుంచి తెలుగు చేయడం మొదలుపెట్టి 8 నెలలైంది. ఎవరికీ చెప్పలేదు. సినిమా మీద అంత కోపం వచ్చింది అందుకే. వెన్నెల గారి పోస్టు చదివాక మానేద్దామనుకున్నాను. రెండు రోజులు ఆలోచించి, మానను, ముందుమాటలో అరోరా కథ పూర్తిగా రాస్తాను అని నిర్ణయించుకున్నాను. ఆమె మాట లేకుండా ఈయన మాట అచ్చు వేయకూడదు.

చివరి వాక్యం ఇలా చేశాను: ‘ఆమె అతనికి దాసి కావచ్చు, దొరసాని కావచ్చు, తోడు మాత్రం కాలేదు.’ తోడు అనాలా, సహచరి అనాలా? సహచరి అంటే గౌరవంగా ఉంటుందని ఒక మిత్రుడు అన్నారు.

వెన్నెల_రాత
తోడు. సహచరి అంటే మళ్లీ ఆమె ఒక్కతే అతని వెనక నడిచినట్టు ఉంటుంది. తోడుకి ఆడా మగా లేదు, అతనూ ఆమెకి తోడే.

గోదారి_గట్టు
తోడు. మా అక్క కూడా అదే అంది.

అబిడ్స్_ఆదివారం
అయితే తోడు ఖాయం. ఇక మిగిలింది ఒప్పందం అధ్యాయం. అది మామూలు తెలుగులో రాస్తే పాలిపోయినట్టు ఉంది. నల్లకోటు గారూ, మన దస్తావేజుల భాషలో పెడితే ఎలా ఉంటుంది?

నల్లకోటు
అంతకన్నా బాగా కుదిరేది లేదు. ‘నా స్వబుద్ధితో, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా, నా పూర్తి సమ్మతితో వ్రాసి ఇచ్చిన కరారునామా’ అని మొదలుపెట్టండి. వాండా చేత కూడా అదే వాక్యం రాయించి, సాక్షుల సంతకాల చోటు ఖాళీగా వదలండి. చిత్తుప్రతి పంపితే ఆదివారం కూర్చుని సరిచేస్తాను.